గోళీ పూట, పాల పూట

కోదాడ,
10 నవంబర్ 2025, సోమవారం.

హారికా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అని నవ్వుకుంటావేమో. నవ్వుకో. నా ఫోను నానమ్మ బీరువాలో ఉంది. బాలింత ఫోను చూస్తే కళ్ళు పోతాయట, పాపకు మూడో నెల నిండేదాకా తాళం తీయదట. నాన్న ఫోను ఉంది కానీ ఆయనకు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడటం రాదు. స్పీకరు పెట్టి వాకిట్లోకి నడుస్తాడు. నేను చెప్పాల్సింది వాకిట్లో చెప్పే మాట కాదు. పక్కింటి నాగమణక్క రోజూ పొద్దుటి బస్సుకు సూర్యాపేట ఆఫీసుకు వస్తుంది కదా, మీ హాస్టల్ గేటు దగ్గర నీకు ఇస్తానంది. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని తెస్తుంది. పప్పు మరక అంటితే ఏమీ అనుకోకు.

గురువారం నుంచి నా ఎడమ రొమ్ము వాచింది. రాయిలా గట్టిపడి, ఒక పక్క ఎర్రగా కందింది. మర్నాటికి చలిజ్వరం. శనివారం నానమ్మ నన్ను దవాఖానకు తీసుకెళ్ళింది. మా ముందు ముప్పై మంది ఉన్నారు. డాక్టరమ్మ చూసి, పాలు నిలిచి చీము పట్టే దారిలో ఉందని చెప్పి, రోజుకు మూడు చొప్పున ఏడు రోజులకు గోళీలు రాసింది. ఏవేవో అడిగింది. అన్నిటికీ నానమ్మే జవాబు చెప్పింది. నేను పాపను ఊపుతూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. నిద్ర లేక నాకు మాటలు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. బయటికి వచ్చాక గుర్తొచ్చింది, పాలివ్వొచ్చా అని ఎవరమూ అడగలేదని.

మళ్ళీ లోపలికి పోవాలంటే మళ్ళీ ముప్పై మంది. నానమ్మ మెడికల్ షాపులో జవహర్‌ను అడిగింది. ఆయన కత్తెరతో గోళీల షీటు కత్తిరిస్తూనే అన్నాడు: "పవర్ గోళీలు గదమ్మా. తల్లి మింగితే బిడ్డ మింగినట్టే. గివి ఒడిసేదాంక పాలు బంద్ పెట్టుర్రి."

ఏడు రోజులు. నీ మేనకోడలికి ఏడు నిమిషాలు ఆగడం రాదు. నానమ్మ ఆవుపాలలో నీళ్ళు కలిపి చెంచాతో పోసింది. సగం మెడ మీదికి కారింది, మిగతా సగం కక్కింది. పాప ఏడుస్తుంటే నా రవికె తడుస్తోంది. వాపు ఇంకా బిగుసుకుంది. ఆదివారం నుంచి నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. గోళీ వేసుకున్న పూట పాలివ్వను. పాలిచ్చిన పూట గోళీ వేసుకోను. ఎవరికీ చెప్పలేదు. ఇది తెలివో తెలివితక్కువో ఆలోచించే ఓపిక కూడా లేదు.

మీ అన్నకూ చెప్పలేదు. వానాకాలం వడ్లు వచ్చి మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయని, కాంటా దగ్గర్నుంచి కదలలేకపోతున్నానని ఫోన్ చేశాడు. వాకిట్లో స్పీకర్లో విన్నాం అందరం.

షీటు ముక్క ఒకటి ఇందులో పెడుతున్నాను. నువ్వు మందుల చదువు చదువుతున్నావు. ఇది వేసుకుని పాలివ్వొచ్చో లేదో చెప్పు. అదొక్కటే నాకు కావాలి.

చేపు వస్తోంది. ఇక రాయలేను.

వదిన సౌందర్య.


సూర్యాపేట,
11 నవంబర్, మంగళవారం.

వదినా,

నాకు ఒకరు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. గేటు దగ్గర నిలబడే రెండుసార్లు చదివాను. పప్పు మరక లేదు, చింతకాయ తొక్కు వాసన ఉంది. సాయంత్రం లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను. ముఖ్యమైనదంతా మొదటి పేజీలోనే, ఎవరైనా చదవగలిగేలా శుభ్రంగా రాస్తున్నాను.

హారిక, బి.ఫార్మసీ, రెండో సంవత్సరం.

పాలు ఆపకు. వాచిన వైపు కూడా ఇవ్వు. ఆపితే పాలు లోపలే నిలిచి వాపు పెరుగుతుంది. తల్లి మింగిన మందులో చాలా కొంచెమే పాలలోకి వస్తుంది, తల్లి మింగితే బిడ్డ మింగినట్టు కానే కాదు. గోళీ కూడా ఆపకు. పూట విడిచి పూట వేసుకుంటే జబ్బు తగ్గదు, మొండికేస్తుంది.

నువ్వు పంపిన ముక్క మీద ఉన్న పేరు క్లిండామైసిన్. అది వేసుకుంటూ పాలివ్వొచ్చు. కాకపోతే కొందరు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, కనిపెట్టి ఉండాలి. పాలిచ్చే తల్లులకు మా నోట్సులో మొదటి వరుసలో ఉన్నవి వేరు. పెన్సిలిన్ జాతివి, అంటే అమాక్సిసిలిన్ లాంటివి. అవి ఇంకా మంచివి. కింద గళ్ళు గీసి అన్నీ రాశాను, మంచివాటి కింద ఎర్ర గీత పెట్టాను. డాక్టరమ్మ వాటిని వదిలేసి దీన్ని ఎందుకు రాసిందో నాకు అర్థం కాలేదు.

ఇక్కడి నుంచి రెండో పేజీ. ఇది నీకొక్కదానికే.

వదినా, చేపు అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పుస్తకంలో దానికి నాలుగు లైన్ల వర్ణన ఉంది. మెదడు నుంచి ఏదో బయల్దేరి, రక్తంలో కలిసి, ఎక్కడో కండరం బిగిసి, పాలు దిగడం. నువ్వు రెండక్షరాలతో తేల్చేశావు. ఆవు చేపింది అని మా పాలాయన అనడం చిన్నప్పుడు విన్నాను కానీ అది మనిషికి కూడా అని నాకు తట్టలేదు. బిడ్డ ఏడుపు వింటేనే వస్తుందా? పాపను తలుచుకున్నా వస్తుందా? ఈ మధ్య నేను ఒక నోట్‌బుక్‌లో మాటలు రాసుకుంటున్నాను. దాన్ని అందులో ఎక్కించాను. ఇంకేమైనా ఉంటే రాయి. పాపను కడుపు మీద పడుకోబెట్టుకోవడానికీ, ఒళ్ళో పడుకోబెట్టుకోవడానికీ వేరే మాటలేమైనా ఉన్నాయా?

సోమవారం నుంచి మాకు మిడ్ పరీక్షలు. పాలిచ్చే తల్లులు, మందులు అనే పాఠం అందులో ఉంది. నీ వల్ల అది నోటికి వచ్చేసింది.

ఒక మాట మరిచాను. నేను రాశానని మందు మార్చేరు. డాక్టరమ్మను అడగకుండా ఏదీ మార్చొద్దు. నేను ఇంకా రెండో సంవత్సరమే.

నీ జవాబు కోసం రేపటి నుంచే గేటు వైపు చూస్తూ,
నీ ఆడబిడ్డ హారిక.


కోదాడ,
14 నవంబర్, శుక్రవారం.

హారికకు,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నాకంటే ముందు నాన్న చేతికి వెళ్ళింది. మొదటి పేజీ మీద నీ పేరు, నీ చదువు, కింద గళ్ళు, ఎర్ర గీతలు చూసి నాన్న మురిసిపోయాడు. "మందుల సదువు సదివే పిల్ల రాసింది. ఇంతకంటే ఏం గావాలె మనకు?" అని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నేరుగా జవహర్ దగ్గరికి పోయాడు. జవహర్ కూడా చదివి, "అందరు గిట్ల రాసిస్తే మాకు పరేషానే ఉండది వీరయ్యన్నా" అన్నాడట. మిగిలిన పాత గోళీలు వాపసు తీసుకుని, నువ్వు ఎర్ర గీత పెట్టిన వాటిలో మొదటిది ఇచ్చాడు. నిన్న పొద్దున్నుంచి అవే వేసుకుంటున్నాను.

రెండో పేజీ ఇంట్లోనే ఉండిపోయింది. సాయంత్రం పాప కింద తడిసిపోయి దొరికింది. సిరా అంతా పాకింది. చేపు గురించి ఏదో రాశావు, ఆ కాస్తా కనిపించింది. కింద ఏముందో తెలియలేదు.

పాలు మాత్రం రెండు వైపులా ఇస్తున్నాను. పాప ఏడుపు తగ్గింది. నొప్పి తగ్గలేదు. పాప నోరు పెట్టిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టి ఇరవై అంకెలు అనుకుంటాను, ఆ తర్వాత కొంచెం తేలిక.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. నిన్న మిల్లు లారీ నడిపే బాల్యా వచ్చి, మీ అమ్మ పంపిందని రెండు పాలపొడి డబ్బాలు ఇచ్చి పోయాడు. వాటితో ఒక చీటీ లేదు, ఒక మాట లేదు. నానమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి, "సూశినవా, మీ అత్తగారోళ్ళకు అప్పుడే ఎరికైంది నీ పాలు పనికిరావని" అంది. ఆ డబ్బాలు అటక మీద పెట్టించాను. మంచం మీద పడుకుంటే అవే కనిపిస్తున్నాయి.

నేను నీకొక్కదానికే రాశాను హారికా. వాకిట్లో చెప్పలేని మాట అని కూడా రాశాను. అది మూడు రోజుల్లో మిర్యాలగూడలో మీ ఇంటికి చేరింది. మీ అమ్మకు నువ్వు ఏం చెప్పావో నాకు తెలియదు. అడగను కూడా.

నిన్న సాయంత్రం నుంచి మెడ మీద, చంకల్లో దద్దులు లేచాయి. ఒకటే దురద. వెల్లుల్లి కారం వేడి చేసిందని నానమ్మ వేపాకు నీళ్ళతో ఒళ్ళు తుడిచింది. పరీక్షలు బాగా రాయి. జవాబుకు తొందరేమీ లేదు.

సౌందర్య.


సూర్యాపేట,
15 నవంబర్, శనివారం.

వదినా,

ఆ గోళీ ఇక ఒక్కటి కూడా వేసుకోకు. ముందు ఇది చదివి, మిగతాది తర్వాత చదువు. ఈ ఉత్తరం అందగానే దవాఖానకు పో. పెదవులు గానీ, కళ్ళ చుట్టూ గానీ వాచినా, ఊపిరి బరువుగా ఉన్నా క్షణం కూడా ఆగొద్దు. ఆ దద్దులు వెల్లుల్లి వల్ల కాదని నా భయం.

మీ నాన్నకు మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి "అంత మంచిగనే ఉన్నది బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు, సదువుకో" అన్నాడు. రెండోసారి నీకిమ్మంటే పాపకు పాలిస్తున్నావన్నాడు. మూడోసారి గట్టిగానే చెప్పాను, ఆ గోళీలు ఆపండి మామయ్యా అని. "నువ్వు రాసినయే గద బిడ్డా" అన్నాడు. పక్కన రోడ్డు మీద లారీల హారన్లు, మీ వాకిట్లో ఎవరివో నవ్వులు. సరే సరే అని పెట్టేశాడు.

అందుకే సాయంత్రం నాగమణక్క ఆఫీసు దగ్గరికే వచ్చి ఇది రాస్తున్నాను, ఆమె బల్ల మీదే. నేను కూడా ఆమెతో బస్సెక్కుతానన్నాను. "నువ్వొచ్చి ఏం జేస్తవ్, సూది ఏస్తవా? ఉత్తరం ఇయ్యి. దిగంగనే నేనే తోల్కపోత దవాఖానకు, మీ మామయ్యతోని నేను మాట్లాడుత" అంది.

మొదట్లోనే అడగాల్సిన మాట ఇప్పుడు అడుగుతున్నాను. చిన్నప్పుడు నీకు ఏ మందైనా పడకపోవడం జరిగిందా? దవాఖానలో ఇదే మొదట చెప్పు. పాత చీటీ తీసుకుపో, నేను రాసిన కాగితమూ తీసుకుపో.

మా అమ్మకు నేను చెప్పింది ఒక్కటే మాట. వదినకు జ్వరమట, గోళీలు వేసుకుంటుందట అన్నాను. రొమ్ము గురించి గానీ, పాల గురించి గానీ ఒక్క అక్షరం చెప్పలేదు. డబ్బాలు ఎందుకు పంపిందో నాకు నిజంగా తెలియదు. నమ్మకపోయినా ఫరవాలేదు, ముందు దవాఖానకు పో.

హారిక.


కోదాడ,
18 నవంబర్, మంగళవారం.

హారికా,

బతికే ఉన్నాను. ముందు అది తెలుసుకో.

నాగమణక్క బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా, అన్నం డబ్బా సంచితోనే వచ్చి నన్ను లేపి ఆటో ఎక్కించింది. అప్పటికి పై పెదవి దళసరిగా అయింది. నాన్న వెనకాల బండి మీద వచ్చాడు. దవాఖానలో సూది వేసి రాత్రంతా పడుకోబెట్టారు. పాపను నా పక్కనే వేశారు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. నవ్వొస్తుంది తలుచుకుంటే.

మర్నాడు డాక్టరమ్మ మా పాత చీటీ తీసి మూల మీద వేలు పెట్టింది. పెన్సిలిన్ పడదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. వారం రోజులు ఆ చీటీ మా ఇంట్లో పాప నూనె సీసా కింద ఉంది. మొదటి రోజు ఆమె అడిగినవాటిలో అదీ ఒకటట. నాకు ఆరేళ్ళప్పుడు కాలి మీద గడ్డకు సూది వేస్తే మొహమంతా ఉబ్బి నాలుగు రోజులు పడుకున్నానని నానమ్మ చెప్పిందట. అప్పటికే మా అమ్మ లేదు, అది తెలిసింది నానమ్మ ఒక్కదానికే. అందుకే డాక్టరమ్మ ఆ జాతిని వదిలి వేరేది రాసింది. ఆ రోజు నానమ్మ అది చెబుతున్నప్పుడు నేను పాపను ఊపుతున్నాను.

నానమ్మను నాన్న నిలదీశాడు. అన్నీ తెలిసి ఎట్ల ఊకున్నవే అమ్మా అని. ఆమె తల కూడా ఎత్తలేదు. "పడనిది సూది గదరా. ఇవి గోళీలాయె" అంది. డాక్టరమ్మ కోప్పడబోయి ఆగిపోయింది.

నీ కాగితం కూడా చూసింది. ఎవరు రాశారని అడిగితే నాన్న నేల చూస్తూ చెప్పాడు. ఆమె మొత్తం చదివి మడిచి ఇచ్చింది. "రాసిందాంట్ల తప్పు లేదు. పాలు ఆపొద్దని మంచిగ రాసింది. గోళీ సంగతే ఈమెకు తప్పు. నన్నొక మాట అడిగితే అయిపోతుండె గదా" అంది. అప్పుడు నేను అడిగాను, ఎనిమిది రోజుల కిందట అడగాల్సింది. పాలివ్వొచ్చా అని. "ఇయ్యాలె. ఇయ్యకనే కద గింత అయింది" అంది.

మళ్ళీ మొదటి మందే, పది రోజులు, ఒక్క పూట కూడా తప్పకూడదట. గోళీ పూటా పాలే, పాల పూటా గోళీయే. కానీ మధ్యలో పోయిన రోజులు పోయాయి. లోపల చీము చేరినట్టుంది. గురువారం దాకా చూసి, తగ్గకపోతే కోసి తీయాలట. అక్కడ కోత పడితే ఆ పక్క పాలివ్వగలనో లేదో అడగడానికి ఈసారి కూడా నోరు రాలేదు.

నీ మీద కోపం లేదు. కోపం రావాలన్నా మనిషి కొంచెం నిద్రపోయి ఉండాలి. నానమ్మ రోజుకు రెండుసార్లు అటక వైపు చూసి "ఇగ ఆ డబ్బా తీద్దామా" అంటోంది. ఇంకా తీయలేదు.

ఒక్క సాయం చెయ్యి. ఇక మందుల గురించి నాకు రాయకు. ఇంకేదైనా రాయి.

వదిన.


సూర్యాపేట,
20 నవంబర్, గురువారం.

వదినా,

మందుల గురించి రాయను. ఇవాళ గురువారం, ఈ పొద్దు నిన్ను దవాఖానకు తీసుకెళ్ళి ఉంటారు. నాకు ఇంకా ఏమీ తెలియదు. తెలియకుండానే రాస్తున్నాను.

పరీక్షలో ఆ పాఠం వచ్చింది. పాలిచ్చే తల్లికి మందు ఎలా ఎంచుకుంటారు అని. గళ్ళు గీయడానికి స్కేలు తీసి, అలాగే పట్టుకుని కూర్చున్నాను. నా గళ్ళలో మందుల పేర్లున్నాయి, బిడ్డ నెలలున్నాయి, తల్లి ఎక్కడా లేదు. చివరికి తల్లిని ఏమేం అడగాలో ఆరు ప్రశ్నలు మాత్రం రాసి ఇచ్చాను. ఎన్ని మార్కులు వేస్తారో తెలియదు.

నీకు రాసినప్పుడు ముఖ్యమైనదంతా మొదటి పేజీలో పెడుతున్నానని గొప్పగా చెప్పాను. ముఖ్యమైనది రెండో పేజీ అడుగున పెట్టాను. అది కూడా చేపు గురించి ముచ్చట పడిన తర్వాత. నువ్వు నొప్పితో ఉంటే నేను నీ మాటలు ఏరుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పుడు తెరవబుద్ధి కావడం లేదు.

డబ్బాల సంగతి. మంగళవారం అమ్మకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను, వదినను ఎందుకు అవమానించావని. వెనక మిల్లు చప్పుడు వినిపిస్తోంది. తర్వాత చెప్పింది.

నేను మూడు నెలల పిల్లనప్పుడు అమ్మకు జ్వరం వచ్చిందట. ఒకాయన గోళీలు ఇచ్చి, అవి అయ్యేదాకా పిల్లకు పాలు ఇయ్యొద్దన్నాడట. పది రోజులు ఆపింది. గోళీలు అయ్యాక నన్ను ఒళ్ళో వేసుకుంటే నేను మొహం తిప్పుకున్నానట. రెండు రోజులు ప్రయత్నించిందట. పాలు వెనక్కి పోయాయి. "నువ్వు గోడ దిక్కు తిరిగి ఏడుస్తున్నవ్. ఇంట్ల డబ్బా లేదు. మీ నాయిన నేరేడుచర్లకు బియ్యం తోలుకపోయిండు. ఆయన వచ్చేదాంక నీకు చక్కెర నీళ్ళు పోశిన" అంది. ఇరవై ఏళ్ళలో ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. డబ్బా పాలతో పెరిగిన పిల్లనని మా మేనత్తలు నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. అమ్మ అక్కడి నుంచి లేచి వెళ్ళేది. పనుండి వెళ్తోంది అనుకునేదాన్ని.

నీకు జ్వరం, గోళీలు అని నేను అన్నాను కదా. ఆ రెండు మాటలు చాలు ఆమెకు. తన మనవరాలు చక్కెర నీళ్ళు తాగొద్దని అదే పూట కొని లారీలో పంపింది. చీటీ ఎందుకు పెట్టలేదని అడిగితే, "ఏమని రాయాలె?" అంది.

ఆదివారం అమ్మ కోదాడ వస్తోంది. నేను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నీకు ఇష్టం లేకపోతే నాగమణక్కతో చెప్పించు.

హారిక.


కోదాడ,
26 నవంబర్, బుధవారం.

హారికా,

కోయలేదు.

గురువారం డాక్టరమ్మ నొక్కి చూసి, ఇంకో రెండు రోజులు అంది. శనివారం కొంచెం మెత్తబడింది అంది. చీము సూదితో లాగారు, కొద్దిగానే వచ్చింది. ఆ పక్క పాలివ్వొచ్చా అని ఈసారి నేనే అడిగాను, కుర్చీలో కూర్చోకముందే. ఇవ్వొచ్చు అంది. పాపకు రెండు రోజులు విరేచనాలు పలచగా అయ్యాయి. అదీ అడిగాను. నెత్తురు పడుతోందా, పాప హుషారుగా ఉందా అని అడిగి, పాలు మానకుండా ఇస్తూ ఉండమంది. మూడో రోజుకు అవే ఆగాయి.

ఆదివారం అత్తమ్మ మొదటి బస్సుకే దిగింది. నానమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఏమమ్మా ఆండాళూ, వడ్ల సీజన్ల ఇల్లు ఇడిసిపెట్టి వచ్చినవు, డబ్బాలు ఖాళీ అయినయో లేదో సూడనీకా?" అంది. నేను లోపల కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు ఇద్దరి గొడవ తీర్చే శక్తి నాకు లేదు.

అత్తమ్మ చెప్పులు విడుస్తూ "అయినయా పెద్దమ్మా?" అని అడిగింది.

"మా పిల్ల మొండిది. మూత గూడ తియ్యనియ్యలే."

అత్తమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. "మంచిగ జేసింది" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. నానమ్మ లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చింది. తర్వాత ఇద్దరూ అరుగు మీద ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. చివర్లో నానమ్మ గొంతు మాత్రం పెద్దగా వినిపించింది: "నీకన్న ఎవరో తప్పు చెప్పిండ్రు. నేను నోటితోని చెప్పిన సంగతి నేనే మరిశిన."

ఆ పొద్దున్నుంచి గోళీ వేళకు అత్తమ్మే నీళ్ళు తెచ్చేది. నేను మింగేదాకా నిలబడి, వెంటనే పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టేది. పాప ఎడమవైపు తాగుతుంటే మాత్రం పక్కకు పోకుండా చూస్తూ ఉండేది. ఒకసారి నేనే అడిగాను, కూర్చోండి అత్తమ్మా అని. "ఇట్ల మొహం తిప్పుకోకుంట తాగుతుంటే సూడాలె" అంది.

సోమవారం నానమ్మ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని నా ఫోను నా చేతిలో పెట్టింది. "కండ్లు పోతే పోనీ తియ్, పిల్లకు బాగలేదంటే ఎవలికన్న చెప్పుకోవాలె గదా" అంది. నానమ్మ మూతి ముడిచింది కానీ ఇచ్చింది. పోయేటప్పుడు డబ్బాలు రెండూ సంచిలో వేసుకుని, గడప దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి ఒకటి తీసి అటక మీద పెట్టింది. "ఒకటి ఉండనియ్ బిడ్డా. నాకు భయం పోయేదాంక" అంది. ఉండనిచ్చాను. ఇప్పుడు అది కనిపిస్తే ఏమీ అనిపించడం లేదు.

ఫోను చేతిలో ఉన్నా నీకు రాస్తున్నాను. నువ్వు అడిగినదానికి జవాబు నేను ఇవ్వలేదు. అవును, పాప ఏడుపు వింటే వస్తుంది. తలుచుకున్నా వస్తుంది. వేరే పిల్లలు ఏడ్చినా వస్తుంది. మొన్న దవాఖానలో ఎవరి బిడ్డో ఏడిస్తే నా రవికె తడిసింది. నీ నోట్‌బుక్‌లో రాసుకో. మాటలు ఏరుకున్నందుకు నువ్వు బాధపడనక్కర్లేదు. ఆ తడిసిన పేజీలో నాకు కనిపించింది అదొక్కటే, ఆ రోజు అదే మంచిగా అనిపించింది.

నిన్నటితో గోళీలు అయిపోయాయి. మొత్తం ముప్పై. ఆఖరి షీటు ఇందులో పెడుతున్నాను. అన్ని గదులూ ఖాళీ, చూసుకో. జవహర్ అలవాటుగా కత్తెర తీస్తే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడట. "కొయ్యకు. పేరు కనపడాలె" అన్నాడట. చీటీ ఇప్పుడు ఆయన జేబులోనే ఉంటోంది. ఏదైనా తెస్తే ముందు ఆ మూల చూపిస్తాడు.

పాప ఎడమవైపు తాగి అలాగే నిద్రపోయింది. ఆ చెయ్యి తిమ్మిరెక్కింది. కదిపితే లేస్తుందని కదపకుండా, కుడి చేత్తో ఇది రాస్తున్నాను.

నీ వదిన.